ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ కలవట్లేదా? ఈ వరసలో చూడండి

"మామయ్యా, ఇంకో ఇరవై నిమిషాల్లో ఇంటర్వ్యూ. ఇయర్‌బడ్స్ ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ అవ్వట్లేదు."

మా అక్క కొడుకు ఫోన్. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. బ్లూటూత్ ఆపి మళ్లీ వేశాడట, ల్యాప్‌టాప్ రెండుసార్లు రీస్టార్ట్ చేశాడట, ఎవరో వీడియోలో చెప్పారని ఏదో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా దించుకున్నాడట. నేను ఒకటే అడిగాను: "మీ అమ్మ ఫోన్ ఎక్కడుందిరా?" వంటింట్లో ఉందన్నాడు. ముందురోజు రాత్రి అక్క ఆ ఇయర్‌బడ్సే పెట్టుకుని తన ఫోన్‌లో ఏదో చూసిందట. ఇంకేముంది, వీడు ఇక్కడ కేస్ మూత తీయగానే అవి వంటింట్లో ఉన్న ఫోన్‌కి పోయి అతుక్కుంటున్నాయి. ఆ ఫోన్‌లో బ్లూటూత్ ఆపితే అర నిమిషంలో పని అయిపోయింది.

చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరికి బ్లూటూత్ కలవకపోయినా నాకే ఫోన్ వస్తుంది. ప్రశ్న ఒకటే, జవాబు కూడా దాదాపు ఒకటే. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు వరసగా రాసి పెడుతున్నాను. ఇది విండోస్ 11ని దృష్టిలో పెట్టుకుని రాసింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసినా ఇంకా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు, కాబట్టి తేడా ఉన్నచోట అదీ చెబుతాను.

వరస తప్పించొద్దు. అందరూ చేసే తప్పు డ్రైవర్ల దగ్గర, అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్ దగ్గర, మొదలుపెట్టడం. నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు మెట్లలోనే తేలిపోయాయి. ఒక్కో మెట్టు అయ్యాక ఆగి, కలిసిందో లేదో చూసుకుని ముందుకు వెళ్లండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే నెల అదే తంటా వస్తే మళ్లీ మొదటికొస్తారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇయర్‌బడ్స్, హెడ్‌ఫోన్స్, కీబోర్డ్, ఏదైనా సరే, కనీసం సగం ఛార్జింగ్ ఉండాలి. ఛార్జింగ్ అడుగంటితే లైట్ వెలుగుతుంది కానీ కనెక్షన్ నిలబడదు.
- వైరున్న మౌస్ ఒకటి. మీ మౌస్ కూడా బ్లూటూత్‌దే అయితే ఇది తప్పనిసరి. మధ్యలో బ్లూటూత్ ఆపినప్పుడు స్క్రీన్ మీద బాణం కదలక చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్‌కి టచ్‌ప్యాడ్ ఉంటుంది కాబట్టి పర్వాలేదు, డెస్క్‌టాప్‌లో చిక్కే.
- ఆ పరికరాన్ని ఇంతకుముందు వాడిన ఫోన్లు, ట్యాబ్‌లు అన్నీ. అమ్మది, తమ్ముడిది కూడా.
- పరికరంతో వచ్చిన చిన్న కాగితం. పారేసి ఉంటే మోడల్ నంబర్ చాలు, మాన్యువల్ కంపెనీ సైట్‌లో దొరుకుతుంది.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి

"బ్లూటూత్ పనిచేయట్లేదు" అనే మాటలో నాలుగు వేర్వేరు బాధలున్నాయి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ స్విచ్చే కనిపించకపోతే తిన్నగా 5వ మెట్టుకి వెళ్లండి. స్విచ్ ఉంది, పరికరం పేరు మాత్రం జాబితాలో రావట్లేదంటే 1, 2 మెట్లు. పేరు వస్తోంది, నొక్కితే "ట్రై కనెక్టింగ్ యువర్ డివైస్ ఎగైన్" అంటోందంటే 3వది. కనెక్ట్ అయింది కానీ శబ్దం లేదు, లేదా గొంతు బావిలోంచి వస్తున్నట్టుందంటే 7వది.

1. పాత జతలను దూరం పెట్టండి

ఇయర్‌బడ్స్ మూత తీయగానే ముందు చేసే పని, చివరగా ఎవరితో కలిశాయో వాళ్లను వెతకడం. దొరికితే మీ ల్యాప్‌టాప్ వైపు చూడనైనా చూడవు. అందుకని ఇంట్లో వాటిని ఎప్పుడైనా వాడిన ఫోన్లన్నిటిలో బ్లూటూత్ ఆపేయండి. ట్యాబ్, స్మార్ట్ టీవీ, ఆఫీసు ల్యాప్‌టాప్ మర్చిపోవద్దు. టీవీని అందరూ మర్చిపోతారు, ఎందుకంటే అది ఎప్పుడో ఒక్క రాత్రి వాడి ఉంటారు.

"మావి ఒకేసారి రెండింటికి కనెక్ట్ అవుతాయండీ" అంటారు కొందరు. నిజమే, ఆ సౌకర్యం ఉన్నవి ఉన్నాయి. కానీ సాధారణంగా రెండు వరకే. ఆ రెండు చోట్లూ ఫోన్, ట్యాబ్ ముందే పట్టేసుకుంటే ల్యాప్‌టాప్‌కి చోటుండదు.

సరిచూసుకోవడం ఎలా: అన్నిచోట్లా బ్లూటూత్ ఆపి, ఇయర్‌బడ్స్ కేస్‌లో పెట్టి, పది సెకన్లాగి తీయండి. ఇంతకుముందు ల్యాప్‌టాప్‌తో కలిసినవైతే ఈసారి వాటంతటవే వచ్చి కలవాలి. కలిసిపోతే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

2. పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి, ఆన్ చేస్తే చాలదు

పరికరం ఆన్‌లో ఉండటం వేరు, కొత్తవాళ్లతో కలవడానికి సిద్ధంగా ఉండటం వేరు. ఆ రెండోదాన్నే పెయిరింగ్ మోడ్ అంటారు. దాని గుర్తు లైట్. గబగబా కొట్టుకోవడమో, రెండు రంగులు మార్చి మార్చి వెలగడమో జరగాలి. నిలకడగా వెలిగితే పెయిరింగ్ మోడ్‌లో లేనట్టే.

ఒక్కో దానికి ఒక్కో తీరు:

- ఇయర్‌బడ్స్: చాలావాటికి రెండూ కేస్‌లోనే ఉంచి, మూత తెరిచి, కేస్ మీద బటన్‌ని 3 నుంచి 5 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. బటన్ లేని రకాలకు బడ్స్ మీదే వేలు పెట్టి ఉంచాలి. వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్ కేస్ అయితే తెల్ల లైట్ కొట్టుకునేదాకా నొక్కండి.
- పెద్ద హెడ్‌ఫోన్స్: ఆఫ్ చేసి, పవర్ బటన్‌ని మామూలుగా ఆన్ చేసేదానికంటే ఎక్కువసేపు, 5 నుంచి 7 సెకన్లు నొక్కాలి. ఇక్కడే చాలామంది 2 సెకన్లకి వదిలేస్తారు.
- కీబోర్డ్, మౌస్: 1, 2, 3 అని అంకెలున్న రకాల్లో ఒక అంకెని 3 సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒక్కో అంకె ఒక్కో కంప్యూటర్‌కి. వేలు తగిలి 1కి బదులు 2 మీదకి వెళ్లినా "కీబోర్డ్ చచ్చిపోయింది" అనుకుంటారు.
- ఎక్స్‌బాక్స్ కంట్రోలర్: పై అంచున చిన్న పెయిర్ బటన్ 3 సెకన్లు. పీఎస్5 కంట్రోలర్: క్రియేట్, పీఎస్ బటన్లు రెండూ కలిపి. పీఎస్4ది అయితే షేర్, పీఎస్ కలిపి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో: సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, యాడ్ డివైస్, ఆ తర్వాత మొదటి వరసలో ఉన్న బ్లూటూత్. విండోస్ 10లో అయితే సెట్టింగ్స్, డివైసెస్, యాడ్ బ్లూటూత్ ఆర్ అదర్ డివైస్. అరనిమిషం ఓపిక పట్టండి. పెయిరింగ్ మోడ్ కొద్ది నిమిషాలే ఉంటుంది, ఈలోగా లైట్ కొట్టుకోవడం ఆగిపోతే మళ్లీ నొక్కాలి.

అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో పీజీలో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. జాబితాలో ఒకే మోడల్ పేరు నాలుగైదు సార్లు కనిపిస్తుంది, పక్క గదుల వాళ్లవి. తెలియక వాటిమీద నొక్కి "రావట్లేదు" అంటారు. చిట్కా చెబుతాను: మీ కేస్ మూత మూసేసి కాసేపు చూడండి. ఏ పేరు జాబితాలోంచి మాయమైతే అది మీది. కలిశాక దానికి ఫోన్‌లోని యాప్ ద్వారా మీ సొంత పేరు పెట్టుకునే వీలుంటే పెట్టేయండి.

ఒకే హెడ్‌ఫోన్ రెండుసార్లు కనిపించి, ఒక దాని పేరు ముందు ఎల్ఈ అనే అక్షరాలుంటే రెండోదాన్ని ఎంచుకోండి. అంటే ఎల్ఈ లేనిది, పక్కన హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నది. ఎల్ఈ ఉన్నది సాధారణంగా ఫోన్ యాప్ మాట్లాడుకోవడానికి పెట్టినది. దాన్ని కలిపితే "కనెక్టెడ్" అని వచ్చినా పాట రాదు.

ఇంతచేసినా పేరు రాకపోతే విండోస్ 11లో ఒక సెట్టింగ్ ఉంది. బ్లూటూత్ అండ్ డివైసెస్ లోపల డివైసెస్ తెరిచి కిందికి వెళ్తే బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ అని కనిపిస్తుంది. అది డిఫాల్ట్‌లో ఉంటే బాగా వాడుకలో ఉన్న రకాలనే చూపిస్తుంది. అడ్వాన్స్‌డ్‌కి మార్చి మళ్లీ వెతకండి. ప్రింటర్లు, బరువు తూచే మెషిన్లు, బార్‌కోడ్ స్కానర్ల లాంటివి ఒక్కోసారి ఇలా మార్చాకే కనిపిస్తాయి.

3. రెండు వైపులా మర్చిపోయేలా చేయండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

రెండు పరికరాలు మొదటిసారి కలిసినప్పుడు ఒక రహస్య తాళంచెవి తయారుచేసుకుని, చెరొక నకలు దాచుకుంటాయి. తర్వాత ప్రతిసారీ ఆ రెండూ సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. మీరు ఇయర్‌బడ్స్ రీసెట్ చేసినా, విండోస్ మళ్లీ ఎక్కించినా ఒకవైపు తాళంచెవి పోతుంది, రెండోవైపు పాతదే ఉంటుంది. పేరు కనిపిస్తుంది, "పెయిర్డ్" అని కూడా ఉంటుంది, కనెక్ట్ మాత్రం కాదు. అప్పుడు ఒకవైపే తీసేస్తే లాభం లేదు.

ల్యాప్‌టాప్ వైపు: బ్లూటూత్ అండ్ డివైసెస్‌లో ఆ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి రిమూవ్ డివైస్. "రిమూవ్ ఫెయిల్డ్" అని మొండికేస్తే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెట్టండి. బ్లూటూత్ వరుసలో ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్. అదే పేరుతో రెండు మూడు ఉంటే అన్నీ తీసేయండి.

పరికరం వైపు: ఫ్యాక్టరీ రీసెట్. ఎన్ని సెకన్లు, ఏ బటన్ అనేది మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడక తప్పదు. జాగ్రత్త: ఇలా చేస్తే ఫోన్‌తో ఉన్న జత కూడా పోతుంది. ఫోన్‌లోనూ ఆ పేరును ఫర్గెట్ చేసి మళ్లీ కలుపుకోవాలి. ముందు ల్యాప్‌టాప్‌తో కలిపి, పనిచేస్తోందని చూసుకున్నాకే ఫోన్‌తో కలపండి.

ఈ రెంటికీ మధ్య ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం రీస్టార్ట్‌తో సమానం కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ లోపలి స్థితిని కొంత దాచిపెట్టి మళ్లీ అక్కడి నుంచే లేపుతుంది. దాంతో పాత తికమక కూడా అలాగే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొదటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు 2వ మెట్టు మళ్లీ చేయండి. పిన్ అడిగితే పాత స్పీకర్లకి, కారు సెట్లకి ఎక్కువగా 0000 గానీ 1234 గానీ ఉంటుంది. కీబోర్డ్ కలిపేటప్పుడు స్క్రీన్ మీద అంకెలు వస్తాయి. వాటిని ఆ కొత్త కీబోర్డ్ మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. చాలామంది ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీద కొట్టి "తీసుకోవట్లేదు" అంటారు.

4. దూరం, అడ్డం

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. పాత రకం వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే. అంతకంటే ఎవరూ అనుమానించని దొంగ ఒకటుంది: యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్, లేదా నాలుగైదు పోర్టుల హబ్. ఆ వైర్ల లోంచి వచ్చే రొద ఇదే ప్రాంతంలో పడుతుంది. పాట తెగి తెగి వస్తుంటే, మౌస్ కుంటుతూ కదులుతుంటే ముందు దాన్ని పీకి చూడండి. తేడా తెలిస్తే హబ్‌ని పొడుగు వైరుతో దూరంగా పెట్టుకోండి.

డెస్క్‌టాప్ వాళ్లకి ఇంకోటి. కొత్తగా అసెంబుల్ చేయించుకున్న సీపీయూ, మదర్‌బోర్డ్‌లోనే వైఫై, బ్లూటూత్ ఉన్నాయి, కానీ అడుగు దూరం దాటితే సిగ్నల్ లేదు. ఒకరింట్లో ఇదే గొడవ. డ్రైవర్లు రెండుసార్లు మార్చారట. నేను వెళ్లి సీపీయూ వెనక చూస్తే బంగారు రంగు మరలు రెండు బోడిగా కనిపించాయి. వాటికి బిగించాల్సిన యాంటెన్నా అటక మీద మదర్‌బోర్డ్ డబ్బాలో, కవరు కూడా విప్పకుండా ఉంది. బిగించాక హాల్లోంచి కూడా పాట తెగలేదు. మీ సీపీయూ వెనక ఒకసారి చెయ్యిపెట్టి చూసుకోండి.

ఇక్కడిదాకా వచ్చినా కాలేదంటే తప్పు ఎటువైపుందో తేల్చాలి. ఆ ఇయర్‌బడ్స్‌ని ఇంకో ల్యాప్‌టాప్‌కి కలపండి. మీ ల్యాప్‌టాప్‌కి ఇంకో బ్లూటూత్ వస్తువు ఏదైనా కలపండి, పక్కింటివాళ్ల స్పీకర్ అయినా సరే. ఇయర్‌బడ్స్ ఎక్కడా కలవకపోతే అవి సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సినవి, కింది మెట్లతో పనిలేదు. మీ ల్యాప్‌టాప్‌కి ఏదీ కలవకపోతే కింద చదవండి.

5. బ్లూటూత్ స్విచ్చే కనిపించకపోతే

ముందు తేలికవి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో పై వరస కీల్లో ఒకదాని మీద విమానం బొమ్మ ఉంటుంది, దుమ్ము తుడిచేటప్పుడు నొక్కుకుపోతుంది.

తర్వాత డివైస్ మేనేజర్ తెరిచి బ్లూటూత్ అనే వరుస ఉందో లేదో చూడండి. ఉండి, పసుపు త్రికోణం కనిపిస్తే దానిమీద రెండుసార్లు నొక్కండి. కోడ్ 10 అంటే పరికరం మొదలుకాలేకపోతోందని, కోడ్ 43 అంటే అది తప్పు చెప్పుకుంటే విండోస్ ఆపేసిందని. అసలు ఆ వరుసే లేకపోతే, యూఎస్‌బీ వరుస కింద "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని ఏమైనా ఉందేమో చూడండి.

"వైఫై బాగానే ఉంది కదా, బ్లూటూత్ ఒక్కటే ఎలా పోతుంది?" అని అడుగుతారు. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి కానీ, లోపల వైఫై ఒక దారిలో, బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో కంప్యూటర్‌తో మాట్లాడతాయి. ఆ యూఎస్‌బీ వైపు బిగుసుకుపోతే బ్లూటూత్ ఒక్కటే మాయమవుతుంది. దీనికి రీస్టార్ట్ కూడా చాలదు, ఎందుకంటే రీస్టార్ట్‌లో కార్డుకి కరెంటు పూర్తిగా తెగదు.

చేయాల్సింది కరెంటు పూర్తిగా తీసేయడం:

- చేస్తున్న పని సేవ్ చేసుకోండి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ నొక్కండి. ఇలా చేస్తే ఫాస్ట్ స్టార్టప్‌ని పక్కనపెట్టి పూర్తిగా ఆగుతుంది.
- ఛార్జర్, హబ్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేయండి. బ్యాటరీ బయటికి వచ్చే పాత మోడల్ అయితే అదీ తీయండి.
- పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి ఉంచండి. మధ్యలో తెర వెలిగినా వదలొద్దు.
- ఐదు నిమిషాలు పక్కన పెట్టేయండి. టీ తాగి రండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి.

డెస్క్‌టాప్ అయితే వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ నొక్కి అలాగే ఉంచాలి. మొరటు వైద్యంలా కనిపిస్తుంది. నేనూ మొదట్లో నమ్మలేదు, కానీ నిన్నటిదాకా ఉండి ఇవాళ మాయమైన బ్లూటూత్‌కి నేను ముందు చేసేది ఇదే.

6. సర్వీస్, డ్రైవర్

స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరవండి. బ్లూటూత్ సపోర్ట్ సర్వీస్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్. ఆగిపోయి ఉంటే స్టార్ట్ నొక్కండి. ప్రతిసారీ ఆగిపోతుంటే ప్రాపర్టీస్‌లో స్టార్టప్ టైప్‌ని ఆటోమేటిక్ చేయండి.

డ్రైవర్ విషయంలో ఒక ప్రశ్న వేసుకోండి: అప్‌డేట్ తర్వాతే ఇలా అయిందా? అవునంటే డివైస్ మేనేజర్‌లో మీ అడాప్టర్, అంటే ల్యాప్‌టాప్ లోపలి బ్లూటూత్ భాగం, తెరవండి. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కమ్‌లలో ఏదో ఒక పేరుతో ఉంటుంది. డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ వెలిగి ఉంటే నొక్కండి. కాదంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌కి వెళ్లి, అడుగున ఉన్న మోడల్ నంబర్ కొట్టి, అక్కడున్న బ్లూటూత్ డ్రైవర్ దించుకుని ఎక్కించండి. విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కూడా ఒక్కోసారి దొరుకుతుంది.

రెండు హెచ్చరికలు. "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో" అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. వాటి వల్ల వచ్చిన కొత్త జబ్బులు తీయడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. మా అక్క కొడుకు దించుకున్నదాన్ని ఆ సాయంత్రం తీయించేదాకా వదల్లేదు. రెండోది, అడాప్టర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్‌ని కూడా తీసేయమంటారా అని ఒక గడి ఉంటుంది. కొత్త డ్రైవర్ ముందే దించి పెట్టుకోకపోతే అక్కడ టిక్ పెట్టొద్దు. టిక్ లేకుండా తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ తనే మళ్లీ పెట్టుకుంటుంది.

స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ కనెక్షన్ పోతుంటే, అదే అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అనే టిక్ తీసేయండి. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

7. కనెక్ట్ అయింది, శబ్దమే లేదు

ముందు శబ్దం ఎటు పోతోందో చూడండి. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, శబ్దం గీత పక్కనున్న బాణం నొక్కితే జాబితా వస్తుంది, అందులో మీ ఇయర్‌బడ్స్ ఎంచుకోండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో విండోస్, కంట్రోల్, వీ మూడు కీలు కలిపి నొక్కితే తిన్నగా అక్కడికే వెళ్తుంది. జూమ్, టీమ్స్ లాంటివి విండోస్‌తో సంబంధం లేకుండా తమ సెట్టింగ్స్‌లో వేరే స్పీకర్‌ని పట్టుకుని ఉండొచ్చు. మీటింగ్‌లోకి వెళ్లే ముందే వాటి ఆడియో సెట్టింగ్ చూసుకోండి.

"పాట అద్భుతంగా ఉంది, మీటింగ్ మొదలవగానే పాత ల్యాండ్‌లైన్‌లా అయిపోతోంది" అన్నది చెడిపోవడం కాదు. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌కి రెండు తీరులున్నాయి. ఒకటి వినడానికి, స్టీరియోలో. రెండోది మాట్లాడటానికి, హ్యాండ్స్‌ఫ్రీ. మైక్ తెరుచుకోగానే రెండోదానికి మారుతుంది, నాణ్యత పడిపోతుంది. విండోస్ 10లో అయితే ఒకే హెడ్‌సెట్ స్టీరియో, హ్యాండ్స్‌ఫ్రీ అని రెండు పేర్లతో కనిపిస్తుంది. పాటకి హ్యాండ్స్‌ఫ్రీ ఎంచుకుంటే రొదలా వినిపిస్తుంది, స్టీరియో ఎంచుకోవాలి.

ఉపాయం: మైక్‌గా ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్నే ఎంచుకోండి, వినడానికి ఇయర్‌బడ్స్. ఇద్దరికీ శుభ్రంగా వినిపిస్తుంది. ఫ్యాను కింద కూర్చుంటే మాత్రం ల్యాప్‌టాప్ మైక్ ఆ గాలి చప్పుడంతా పట్టేస్తుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త రకం బ్లూటూత్‌లో ఈ బాధ తగ్గుతుంది కానీ, ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ రెండూ దానికి సపోర్ట్ చేయాలి.

8. విండోస్, లినక్స్ రెండూ ఉన్నవాళ్లకి

ఉబుంటులో కలిపితే విండోస్‌లో పోతుంది, అక్కడ కలిపితే ఇక్కడ పోతుంది. కారణం 3వ మెట్టులో చెప్పిన తాళంచెవే. రెండు సిస్టమ్‌లకీ అడాప్టర్ ఒకటే కాబట్టి ఇయర్‌బడ్స్ దృష్టిలో కంప్యూటర్ ఒకటే. కొత్త చెవి రాగానే పాతది పారేస్తాయి. ఒకదాంట్లోని చెవిని రెండోదాంట్లోకి రాసుకునే మార్గం ఉంది కానీ విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే ఒక సిస్టమ్‌లో బ్లూటూత్, రెండోదాంట్లో వైరు వాడుకోవడం మేలు.

బాధ కానివి కొన్ని

ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపాక "కనెక్టెడ్" అని కాసేపు చూపించి "పెయిర్డ్"కి మారుతుంది. అది మామూలే. ఫైల్ పంపేటప్పుడో, విండోస్‌లోని ఫోన్ లింక్ యాప్ వాడేటప్పుడో దానంతటదే కలుస్తుంది.

మౌస్ డబ్బాలో గోరంత యూఎస్‌బీ ముక్క వచ్చిందా? అయితే మీ మౌస్ చాలావరకు బ్లూటూత్‌ది కాదు. ఆ ముక్కతోనే పనిచేస్తుంది, యాడ్ డివైస్‌లో రోజంతా వెతికినా రాదు. రెండు రకాలుగానూ పనిచేసేవైతే అడుగున స్విచ్ ఉంటుంది.

నిజంగా బాగుపడిందా?

కనెక్టెడ్ అని రాగానే సంబరపడొద్దు. కేస్‌లో పెట్టి తీయండి, తానే వచ్చి కలవాలి. ల్యాప్‌టాప్‌ని ఐదు నిమిషాలు స్లీప్‌లో పెట్టి లేపండి. ఒకసారి రీస్టార్ట్ చేయండి. మూడు సార్లూ కలిస్తే ఆపిన ఫోన్లలో ఒక్కొక్కటిగా బ్లూటూత్ వేస్తూ చూడండి. ఏ ఫోన్ వేయగానే ల్యాప్‌టాప్ నుంచి ఊడిపోతే ఆ ఫోన్‌లో ఆ పేరును ఫర్గెట్ చేయండి, లేదా ఆటోమేటిక్‌గా కలిసే సెట్టింగ్ ఉంటే ఆపండి. చివరగా సౌండ్ రికార్డర్ తెరిచి మైక్‌లో నాలుగు మాటలు మాట్లాడి వినండి.

ఇంకా రాకపోతే

గ్యారంటీ ఉంటే సర్వీస్ సెంటర్. లేకపోతే కొన్ని వందల రూపాయల్లో దొరికే బ్లూటూత్ యూఎస్‌బీ డాంగిల్ కొనుక్కోండి. మదర్‌బోర్డ్ మార్పించడం, విండోస్ మళ్లీ ఎక్కించడం ఇయర్‌బడ్స్ కోసమైతే దండగ. డాంగిల్ పెట్టేముందు డివైస్ మేనేజర్‌లో పాత అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ డివైస్ నొక్కండి. విండోస్ ఒకేసారి ఒక్క బ్లూటూత్ అడాప్టర్‌నే సరిగా నడుపుతుంది, రెండుంటే తికమక. డాంగిల్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో కాకుండా నల్ల పోర్టులో, సీపీయూ వెనక కాకుండా ముందు పెట్టండి. కొత్త అడాప్టర్ కాబట్టి పాత జతలేవీ రావు, అన్నీ 2వ మెట్టు నుంచి మళ్లీ కలుపుకోవాలి.